బాలింత చన్నుల సలుపు

పురిటింటి సంగతులు పత్రికలలో చర్చింపదగినవి కావని తలంచు పెద్దలు మనలో పెక్కురు కలరు. ఆ మౌనమువలన బాధపడువారు బాలింతయు, శిశువును. కావున సంకోచమును విడిచి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ప్రసవమైన మూడవదినము మొదలు అయిదవదినము లోపల చన్నులకు పాలు నిండుగా వచ్చును. పాలతోపాటు రక్తమును, నీరును చేరుటచే చన్నులు బరువెక్కి, బిగిసి, సలుపు పెట్టును. చనుమొన చదునై శిశువు నోటికి అందదు. నొప్పి తగ్గువఱకు పాలియ్యవలదని యింటివారందురు. ఇంతకంటె అపకారము లేదు. నిలిచిన పాలు నొప్పిని హెచ్చించుటయే గాక, క్రమముగా పాల యూటనే తగ్గించును. ఈనిన యావు పొదుగు బిగిసినచో దూడను విడువక, పాలు పిదుకక యూరకుండు రైతు కలడా? పశువునెడ మనకుగల తెలివి బాలింతయెడ ఏల లేకుండవలెను?

చేయవలసినది సులభమే. రేయింబవళ్లలో 8 మొదలు 12 పర్యాయములు, శిశువు కోరినప్పుడెల్ల చన్నియ్యవలెను. చనుమొన అందనిచో దాని మొదటిచుట్టు వ్రేళ్లతో ఒక నిమిషము మెల్లగా లోపలికి అదిమి, కొంచెము పాలు చేతితో పిండినచో మెత్తబడును. పాలిచ్చిన పిమ్మట చల్లని తడిగుడ్డ వేసినచో వాపు తగ్గును. గట్టిగా మర్దింపరాదు. అదేపనిగా పిండివేయరాదు, పిండినకొలది పాలు మఱింత యూరును. జ్వరము వచ్చి చన్ను ఎఱ్ఱబడినచో జాగుసేయక వైద్యునకు చూపవలెను. అప్పుడును సాధారణముగా పాలు మాన్పింప నక్కఱలేదు.

అసలు ఈ బాధకు బీజము పెక్కుచోట్ల తొలిదినముననే పడుచున్నది. ముఱ్ఱుపాలు చెడ్డవని పాఱబోసి, తేనెయో చక్కెరనీళ్లో నాకించు నాచారము కొన్ని యిండ్లలో నేటికిని పోలేదు. పుట్టిన గంటలోపల చన్నియ్యవలెనని ప్రపంచ ఆరోగ్యసంస్థ బోధించుచున్నది. తొలినుండి తఱచుగా పాలు త్రాగు శిశువే తల్లికి మొదటి వైద్యుడు.

పోతపాల ప్రకటనలను 1992 నాటి శాసనము నిషేధించినది. ఉద్యోగినుల ప్రసూతి సెలవు, తొలి యిరువురు బిడ్డలకు, 2017లో 26 వారములైనది. కాని పురిటిగది గడపలోపల శాసనము చెల్లదు. అచ్చట చెల్లునది ఇంటి పెద్దల మాట. ఆ మాట తల్లిని బిడ్డనుండి ఎడబాపునది కాకుండుగాక. అర్ధరాత్రమున ఏడ్చు శిశువును ఎత్తి తల్లి కందించుట పురుషునకు చిన్నతనము కాదని పాఠకులకు మనవి చేయుచున్నాము.