పనిలో దిగేముందు చుట్టూ చూడాలి

తెల్లవారేసరికి అడ్డా మీద ఆడ, మగ కూలీలు చేరతారు. చేతిలో సద్ది గిన్నె. చంకలో చంటిపిల్ల. మేస్త్రీ వచ్చి పిలుస్తాడు. కూలి ఎంత, పని ఎన్ని గంటలు అని మాట్లాడుకుంటారు. పని చేసే చోటు ఎట్లా ఉందో మాత్రం ఎవరూ అడగరు.

ఇల్లు కట్టే చోటు రోజూ మారుతుంది. నిన్న నేల ఉన్నచోట ఇవాళ గుంత ఉంటుంది. నిన్న గట్టిగా ఉన్న పరంజా రాత్రి వానకు సడలి ఉంటుంది. అందుకే పొద్దున పనిలో దిగేముందు ఒక్కసారి చుట్టూ తిరిగి చూడాలి. పైన ఏముంది? కింద ఏముంది? పక్కన ఏముంది?

ముందుగా పరంజా చూడాలి. ఎత్తు నుంచి పడి చనిపోయే కూలీలు చాలామంది. పరంజా బాదులు గట్టి నేల మీద నిలబెట్టారా, విడి ఇటుకల మీద నిలబెట్టారా? తాళ్ళ కట్లు బిగువుగా ఉన్నాయా? నిలబడే చోట ఒకటే పలక వేశారా? ఒక్క పలక మీద తట్ట ఎత్తుకుని నడవడం గట్టు లేని బావి అంచున నడిచినట్టే. రెండు మూడు పలకలు సందు లేకుండా పరవాలి. వాటి చివరలు కట్టాలి. కట్టని పలక ఒక కొస మీద కాలు వేస్తే రెండో కొస పైకి లేస్తుంది. మనిషి కిందికి పోతుంది. నడుం ఎత్తున అడ్డకర్ర కూడా కట్టాలి.

"మేస్త్రీ, ఈ కట్టు వదులైంది" అని ఒకామె అంటుంది.

"రెండు గంటల పనేనమ్మా, ఏం కాదులే. ఎక్కు" అంటాడు మేస్త్రీ.

కట్టు బిగించడానికి పావుగంట చాలు. "బిగిస్తేనే ఎక్కుతాం" అని ఒక్కరు అంటే వినడు. నలుగురూ కలిసి అంటే వింటాడు.

స్లాబులో మెట్ల కోసం, లిఫ్టు కోసం, పైపుల కోసం ఖాళీలు వదులుతారు. వాటి మీద సిమెంటు సంచో, అట్టముక్కో కప్పుతారు. తెరిచి ఉన్న గుంత కన్నా ఇది చెడ్డది. గుంత ఉందని కనబడదు. తల మీద తట్ట ఉన్న మనిషి వంగి చూడలేదు కూడా. ఖాళీ మీద గట్టి పలకలు వేసి మేకులు కొట్టాలి. లేదా చుట్టూ అడ్డం కట్టాలి.

హెల్మెట్ సంగతి కూడా చెప్పుకోవాలి. చుట్టకుదురు పెట్టి బరువు మోసే ఆడవాళ్ళకు హెల్మెట్ ఎట్లా కుదురుతుంది? కుదరదు. కాబట్టి హెల్మెట్లు ఇచ్చి చేతులు దులుపుకుంటే చాలదు. పైనుంచి ఇటుక పడకుండా వల కట్టాలి. పైన పని నడుస్తుంటే కింద దారి మూసేయాలి. బరువు తాడు, కప్పీతో పైకి లాగాలి. ఒక్కో ఇటుక మూడు కిలోల దాకా ఉంటుంది. ఎనిమిది ఇటుకలు ఎత్తితే 24 కిలోలు! గర్భిణికి ఆ పని చెప్పనే కూడదు.

పునాది గుంతలు చూడటానికి మామూలుగా ఉంటాయి. అయితే ఒక మీటరు పొడవు, ఒక మీటరు వెడల్పు, ఒక మీటరు ఎత్తు ఉన్న మట్టి సుమారు 30 సిమెంటు బస్తాలంత బరువు. అది గుండె దాకా కప్పినా ఊపిరి ఆడదు. గుంత ఐదు అడుగులు దాటితే గోడలు వాలుగా తవ్వాలి. లేదా పలకలు ఆనించి బాదులు పెట్టాలి. తవ్విన మట్టిని అంచున పోయకూడదు, దూరంగా పోయాలి. అంచున పగులు కనిపించినా, నీరు ఊరినా, చిన్న చిన్న పెళ్ళలు రాలినా వెంటనే బయటికి రావాలి. నీడ ఉందని పిల్లల్ని గుంతలో కూర్చోబెట్టకూడదు.

కరెంటు వైర్లు తడి నేల మీద ఉండకూడదు. ప్లగ్గు లేకుండా వైర్లు గుచ్చి, అగ్గిపుల్లలు పెట్టడం చాలాచోట్ల చూస్తాం. అది ప్రాణాలతో ఆట. ఎవరికైనా షాక్ కొడితే ముట్టుకోకూడదు. ముందు మెయిన్ ఆపాలి. పొడుగు ఇనుప చువ్వలు మోసేటప్పుడు పైన కరెంటు తీగలు చూసుకోవాలి.

తడి సిమెంటు చేతుల్ని, కాళ్ళను తినేస్తుంది. తొడుగులు అడగాలి. కంట్లో పడితే నలపకుండా, పావుగంటకు పైగా మంచినీళ్ళతో కడిగి ఆసుపత్రికి పోవాలి. మిల్లర్ దగ్గర కొంగు దోపుకోవాలి, జుట్టు ముడి వేసుకోవాలి. చీర మీద చొక్కా వేసుకుంటే మరీ మంచిది.

స్లాబు పైకి గట్టిపడినట్టు కనిపించినా లోపల బలం రావడానికి రోజులు పడుతుంది. చిన్న స్లాబుకైనా కింది బాదులు కనీసం 7 రోజులు తీయకూడదు. నాలుగున్నర మీటర్లు దాటిన స్లాబుకైతే 14 రోజులు. తీసేటప్పుడు కింద ఎవరూ ఉండకూడదు.

కడుతున్న ఇంట్లోనే కాపురం పెట్టడం ఇంకా ప్రమాదం. 2014 జూన్ 28న చెన్నై దగ్గర మౌలివాక్కంలో కడుతున్న 11 అంతస్తుల భవనం కూలింది. 61 మంది చనిపోయారు. వారిలో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వలస పోయినవారు ఎందరో ఉన్నారు. 2016 డిసెంబరులో హైదరాబాదు నానక్‌రాంగూడలో ఏడంతస్తుల భవనం రాత్రివేళ కూలింది. అందులోనే ఉంటున్న కూలీలు శిథిలాల కింద పడిపోయారు. వేరే చోట గుడిసె వేసి ఇమ్మని అడగడం కూలీల హక్కు.

పనిలో దెబ్బ తగిలితే యజమాని పరిహారం ఇవ్వాలనే చట్టం 1923లోనే వచ్చింది. 1996లో కట్టడం కూలీల కోసం వేరే చట్టం వచ్చింది. దాని కింద రాష్ట్రాల్లో సంక్షేమ బోర్డులు ఏర్పడ్డాయి. 2025 నవంబరులో కొత్త కార్మిక చట్టాలు అమల్లోకి వచ్చాయి. బోర్డులో పేరు రాయించుకోవడానికి వయసు 18 నుంచి 60 ఏళ్ళ లోపు ఉండాలి. గడిచిన 12 నెలల్లో 90 రోజులు ఈ పని చేసి ఉండాలి.

ఆ 90 రోజులకు లెక్క ఎవరు రాస్తారు? మేస్త్రీ పుస్తకం మేస్త్రీ దగ్గరే ఉంటుంది. రాయడం వచ్చిన ఆమె తన పుస్తకం తానే రాసుకోవచ్చు. రోజూ ఒక్క వరుస చాలు: తేదీ, పని చేసిన చోటు, మేస్త్రీ పేరు, చేతికి వచ్చిన కూలి.