యరమరస్ నుంచి చూస్తే అన్నీ రికార్డులే!

ఐపీఎల్ షెడ్యూలు వచ్చిందంటే రాయచూరు జిల్లా యరమరస్‌లో అభిమాని ముందు వెతికేది ఒక్కటే: బెంగళూరు, హైదరాబాద్ ఢీకొనేది ఎప్పుడు? బెంగళూరు 400 కిలోమీటర్ల పైమాట, హైదరాబాద్ అందులో సగం. కర్ణాటక మనదే, రైలెక్కి కృష్ణ దాటితే తెలంగాణ. ఊళ్లో థర్మల్ కేంద్రం సత్తా 800 మెగావాట్ల చొప్పున రెండు యూనిట్లు, మొత్తం 1600. ఆ రెండు జట్లు పుట్టించే కరెంటు అంతకన్నా ఎక్కువే! 2025 సీజన్ ముగిసేనాటి లెక్కలివి.

పరుగుల కుప్ప

ఐపీఎల్‌లో అతి పెద్ద స్కోరు 287. కొట్టింది హైదరాబాద్, కొట్టించుకున్నది బెంగళూరు, అదీ సొంత గడ్డ చిన్నస్వామిలో! తేదీ 2024 ఏప్రిల్ 15. ట్రావిస్ హెడ్ శతకం 39 బంతుల్లో. బెంగళూరూ తగ్గలేదు, 262 బాదింది. 262 కొట్టీ 25 పరుగుల తేడాతో ఓటమి! మొత్తం 549 పరుగులు, 38 సిక్సర్లు.

కొండెక్కి లోయలోకి

ఆ 287 తర్వాత సరిగ్గా 41 రోజులు. అదే హైదరాబాద్, ఈసారి చెన్నైలో ఫైనల్. 113 ఆలౌట్! ఐపీఎల్ ఫైనల్స్ చరిత్రలో అతి తక్కువ స్కోరు. కోల్‌కతా 10.3 ఓవర్లలో ఆట ముగించేసింది.

ఒకే తేదీ, రెండు రికార్డులు

2013 ఏప్రిల్ 23: బెంగళూరు 263. క్రిస్ గేల్ ఒక్కడే 175 నాటౌట్, శతకానికి పట్టిన బంతులు 30, సిక్సర్లు 17. అప్పటికి ఐపీఎల్‌లో ఆ 263 అత్యధికం. 2017 ఏప్రిల్ 23: అదే బెంగళూరు ఈడెన్ గార్డెన్స్‌లో 49 ఆలౌట్. ఐపీఎల్‌లో అత్యల్పం! పదకొండు మందిలో ఒక్కరూ రెండంకెలు చేరలేదు. పెద్ద స్కోరు కేదార్ జాదవ్‌ది, 9.

9.4 ఓవర్ల మాయ

ఆ 49కి బెంగళూరు కుప్పకూలింది 9.4 ఓవర్లలో. 2024 మే 8న సొంత గడ్డ ఉప్పల్‌లో హైదరాబాద్‌కూ పట్టింది 9.4 ఓవర్లే. చేసింది మాత్రం వికెట్ పోకుండా 167! లక్నో ఇచ్చిన లక్ష్యం 166. హెడ్ 30 బంతుల్లో 89, అభిషేక్ శర్మ 28 బంతుల్లో 75. అవే 58 బంతులు: ఒకరికి పది వికెట్లు గల్లంతు, ఒకరికి పది వికెట్ల గెలుపు.

ఆరు ఓవర్ల తుపాను

పవర్‌ప్లే అంటే ఆరు ఓవర్లు, 36 బంతులు. 2024 ఏప్రిల్ 20న ఢిల్లీలో హైదరాబాద్ ఆ 36 బంతుల్లో చేసింది 125, వికెట్ నష్టం సున్నా. బంతికి దాదాపు మూడున్నర!

ఆకాశంలో తాటిచెట్లు

ఐపీఎల్‌లో అతి పొడవైన సిక్సర్‌గా చెప్పేది ఆల్బీ మోర్కెల్‌ది. 2008లో కొలిచిన దూరం 125 మీటర్లు. బౌలరు పాత హైదరాబాద్ జట్టు డెక్కన్ ఛార్జర్స్ వాడే, ప్రజ్ఞాన్ ఓఝా. ఎన్ని తాటిచెట్లను ఒకదాని నెత్తిన ఒకటి నిలబెట్టాలో ఆ దూరానికి! 549 పరుగుల మ్యాచ్‌లో దినేశ్ కార్తీక్ కొట్టిన భారీ సిక్సర్ 108 మీటర్లు.

ఉప్పల్‌కి రెండు ముఖాలు

ఐపీఎల్‌లో అత్యుత్తమ బౌలింగ్ అల్జారీ జోసెఫ్‌ది: 12 పరుగులకు 6 వికెట్లు, 2019 ఏప్రిల్ 6న, తొలి మ్యాచ్‌లోనే. అతి ఖరీదైన బౌలింగ్ జోఫ్రా ఆర్చర్‌ది: నాలుగు ఓవర్లలో 76, వికెట్లు లేవు, 2025 మార్చి 23న. ఇద్దరి ఎదుటా హైదరాబాదే. రెండూ ఉప్పల్‌లోనే!

జేబులో చీటీ

2025 ఏప్రిల్ 12, ఉప్పల్. లక్ష్యం 246. అభిషేక్ శర్మ 55 బంతుల్లో 141. ఐపీఎల్‌లో భారతీయుడి అత్యధిక స్కోరు! శతకం కాగానే జేబులోంచి మడత పెట్టిన కాగితం తీసి, విప్పి, స్టాండ్స్ వైపు చూపించాడు. ఇది ఆరెంజ్ ఆర్మీ (హైదరాబాద్ అభిమానుల) కోసమని ముందే రాసి పెట్టుకున్నాడు.

పరుగులు వాళ్లవి, కప్పు వీళ్లది

2016లో బెంగళూరు వీరుడు విరాట్ కోహ్లి 973 పరుగులు, నాలుగు శతకాలు. ఒక్క సీజన్‌లో ఇన్ని ఇంకెవరూ చేయలేదు. హైదరాబాద్ కెప్టెన్ వార్నర్‌వి 848, అంటే 125 తక్కువ. కప్పు మాత్రం వార్నర్‌కే! మే 29న చిన్నస్వామిలోనే ఫైనల్, హైదరాబాద్ 208కి బెంగళూరు 200. తేడా 8 పరుగులు.

ఆరుతో పోయింది, ఆరుతో వచ్చింది

2009 ఫైనల్, జొహానెస్‌బర్గ్: బెంగళూరుపై డెక్కన్ ఛార్జర్స్ గెలుపు 6 పరుగులతో. ముందు ఏడాది అట్టడుగున నిలిచిన జట్టది! ఏటా ‘ఈ సల కప్ నమ్దే’ (ఈసారి కప్పు మనదే) అని గొంతులు అరిగాక, 2025 జూన్ 3న అహ్మదాబాద్‌లో పంజాబ్‌పై బెంగళూరు కప్పు కొట్టింది. తేడా మళ్లీ 6 పరుగులే! సీజన్ 18వది, కోహ్లి జెర్సీ నంబరూ 18. ఆ పద్దెనిమిదింటిలోనూ ఒకే జట్టుకు ఆడినవాడు అతనే.

పొరుగింటి అమ్మాయి

మగవాళ్లకు 18 సీజన్లు పట్టిన కప్పును బెంగళూరు అమ్మాయిలు మహిళల లీగ్ రెండో సీజన్‌కే తెచ్చారు, 2024 మార్చి 17న. ఆ ఫైనల్లో 12 పరుగులకు 4 వికెట్లు తీసిన శ్రేయాంక పాటిల్ మన పక్కనున్న కలబురగి అమ్మాయి. సీజన్‌లో 13 వికెట్లు, ఎక్కువ వికెట్లకిచ్చే పర్పుల్ క్యాప్ తనదే!

రెండు చొక్కాల వీరుడు

వరసగా రెండేళ్లు ఐపీఎల్ పర్పుల్ క్యాప్ గెలిచింది భువనేశ్వర్ ఒక్కడే: 2016లో 23 వికెట్లు, 2017లో 26. 2016లో బెంగళూరును ఓడించి హైదరాబాద్‌తో కప్పు, 2025లో బెంగళూరుతో కప్పు. యరమరస్‌లో ఇతనికి రెండు వర్గాలూ చప్పట్లు కొడతాయి.

అన్నిటికన్నా బరువైన ఆట

ఐపీఎల్ అయిపోతే ఆట అయిపోయినట్టు కాదు. ఏరువాక పున్నమికి రాయచూరులో మున్నూరు కాపు సమాజం ముంగారు సాంస్కృతిక హబ్బ (పండుగ). అసలు పోటీ బండలాగుడు. కర్ణాటక, ఆంధ్ర, తెలంగాణల నుంచి ఎడ్ల జతలు దిగుతాయి. బండ ఒకటిన్నర టన్నుల నుంచి రెండున్నర టన్నుల దాకా! క్రికెట్ బంతి బరువు సుమారు 160 గ్రాములు. దాదాపు 15,600 బంతులు పోస్తే గానీ ఆ పెద్ద బండకు సాటి రావు. ఈలతో మొదలు, ఈలతో ఆఖరు. నడుమ అదిలింపులు, దుమ్ము, కొస దాకా వెళ్లి మళ్లే ప్రతిసారీ జనం కేక. ఇచ్చిన గడువులో బండ ఎంత జరిగిందో టేపు పట్టి అడుగులు, అంగుళాల్లో కొలుస్తారు. క్రికెట్‌లో పరుగు తేడా, ఇక్కడ అంగుళం తేడా!

ఎవరూ ఎక్కని మెట్టు

ఐపీఎల్‌లో 300 ఇంకా ఎవరూ చూడలేదు. 287 నుంచి 13 చాలు: రెండు సిక్సర్లు, ఒక సింగిల్. 2024 అక్టోబరు 12న ఉప్పల్‌లోనే అంతర్జాతీయ టీ20లో బంగ్లాదేశ్‌పై భారత్ 297 దాకా వెళ్లి మూడు పరుగుల దూరంలో ఆగింది. ఆ 300 హైదరాబాద్ కొడుతుందా, బెంగళూరు కొడుతుందా? యరమరస్‌లో పందెం ఇప్పటికే మొదలు. ఎవరు కొట్టినా సగం ఊరు గంతేస్తుంది, మిగతా సగం మర్నాడు టీ తాగిస్తుంది!