డాబా మీద చీకటి గది: టెంట్ అబ్జర్వేటరీతో ఆకాశం చూద్దామా?



పేరెంట్ టీచర్ మీటింగ్‌లో మార్కుల సంగతి అయిపోయాక చాలామంది నన్ను అడిగే ప్రశ్న ఒకటుంది: "మేడమ్, మా బాబు టెలిస్కోప్ కావాలని పట్టుబట్టాడు. ఏది కొనమంటారు?" దానికి నేను వెంటనే కంపెనీ పేరు చెప్పను. "ఎక్కడ నిలబడి చూస్తాడు?" అని అడుగుతాను. ఎందుకంటే చాలా ఇళ్లలో జరిగేది ఇదే. పుట్టినరోజుకి టెలిస్కోప్ వస్తుంది. మొదటి రాత్రి డాబా ఎక్కుతారు. పక్క అపార్ట్‌మెంట్ లైట్లు నేరుగా కళ్లలో పడతాయి, గాలికి గొట్టం ఊగుతుంది, ఏమీ సరిగా కనిపించదు. మూడో రోజుకి అది బీరువా మీదకి చేరుతుంది. డబ్బు పోయినందుకు కాదు నా బాధ. "నాకు ఇవన్నీ రావు" అని ఆ పిల్లవాడు మనసులో అనుకుంటాడే, అదీ అసలు నష్టం.

అందుకే ఈ నెల టెలిస్కోప్ గురించి కాకుండా, దాన్ని పెట్టే చోటు గురించి చెబుతాను.

టెంట్ అబ్జర్వేటరీ అంటే ఏమిటి?

పెద్ద అబ్జర్వేటరీల మీద గుండ్రటి డోమ్ ఉంటుంది కదా. అది టెలిస్కోప్‌ని ఎండ నుంచి, వాన నుంచి, గాలి నుంచి కాపాడుతుంది. పక్కల నుంచి వచ్చే వెలుగునూ ఆపుతుంది. టెంట్ అబ్జర్వేటరీ ఆ డోమ్‌కి చిన్న తమ్ముడు లాంటిది. నాలుగు వైపులా నల్లటి గుడ్డ గోడలు, పైన కప్పు ఉండదు. చూడటం అయిపోయాక పైన కప్పేసే మూత ఉంటుంది. కొన్నిటిలో పక్కనే కప్పు ఉన్న ఇంకో చిన్న గది కూడా ఉంటుంది, కూర్చోవడానికీ సామాను పెట్టుకోవడానికీ. మడిచి సంచిలో పెట్టి కారు డిక్కీలో వేసుకుని వెళ్లిపోవచ్చు.

ఇలాంటివి రెడీమేడ్‌గా దొరుకుతాయి కానీ, విదేశాల నుంచి తెప్పించుకుంటే ఖరీదు ఎక్కువే. మన ఇళ్లకి అంత అవసరం లేదు. మీ వీధి చివర టెంట్ హౌస్ ఉంటుంది కదా, పెళ్లికి కట్టే సైడ్ పరదాలు అక్కడ అద్దెకి దొరుకుతాయి. నాలుగు వెదురు కర్రలు, ముదురు రంగు మందపాటి పరదాలు, కొంచెం తాడు ఉంటే చాలు. వెలుగు అవతలికి కనిపిస్తుంటే రెండు పొరలు వేయండి.

కంటికి చీకటి ఎందుకు కావాలి?

వెలుతురులో నుంచి చీకట్లోకి వెళ్లగానే మన కంటిపాప పెద్దదవుతుంది. ఇది కొన్ని సెకన్ల పని. కానీ అసలు మార్పు కంటి లోపల, రెటీనాలో జరుగుతుంది. తక్కువ వెలుతురులో చూడటానికి పనికొచ్చేవి రాడ్ సెల్స్. వాటిలో ఉండే రొడాప్సిన్ అనే పదార్థం వెలుగు పడితే విరిగిపోతుంది, చీకట్లో మళ్లీ నెమ్మదిగా తయారవుతుంది. అది బాగా కూడుకోవడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. ఈలోపు ఒక్కసారి ఫోన్ స్క్రీన్ వెలిగించినా, పక్కింటి బాల్కనీ లైటు కంట్లో పడినా, లెక్క చాలావరకు మళ్లీ మొదటికి వస్తుంది.

టెంట్ ఉపయోగం సరిగ్గా ఇక్కడే. అది ఆకాశాన్ని చీకటి చేయదు. మీ పిల్లల కంటిని చీకటిలో ఉంచుతుంది. ఆ అరగంట కష్టాన్ని కాపాడుతుంది.

లోపల వెలుతురు కావాలంటే టార్చికి ఎర్రటి గ్లాసు పేపరు నాలుగు పొరలు చుట్టి రబ్బరు బ్యాండ్ వేయండి. మసక ఎరుపు వెలుగు రాడ్ సెల్స్‌ని పెద్దగా ఇబ్బంది పెట్టదు. ఫోన్ మాత్రం గేటు బయటే.

టెంట్ చేయలేని పని

నగరం మీద రాత్రిపూట ఆకాశం బూడిద రంగులో మెరుస్తూ ఉంటుంది. కింద లైట్ల వెలుగు దుమ్ముకీ గాలికీ తగిలి చెల్లాచెదురవడం వల్ల వచ్చేది అది. దాన్ని ఏ టెంటూ ఆపలేదు. కాబట్టి హైదరాబాద్‌లోనో విజయవాడలోనో టెంట్ వేసి పాలపుంత చూపిస్తానని పిల్లలకి మాట ఇవ్వకండి.

పెద్ద పెద్ద అబ్జర్వేటరీలకే ఈ తిప్పలు తప్పలేదు. హైదరాబాద్‌లో నవాబ్ జఫర్ జంగ్ 1901లో నెలకొల్పిన నిజామియా అబ్జర్వేటరీ తర్వాత ఉస్మానియా యూనివర్సిటీ చేతికి వచ్చింది. 1960ల చివర్లో యూనివర్సిటీ 48 అంగుళాల టెలిస్కోప్‌ని పెట్టింది నగరంలో కాదు, రంగారెడ్డి జిల్లాలోని జపాల్–రంగాపూర్ దగ్గర, ఊళ్లకి దూరంగా. ఇక లడఖ్‌లోని హాన్లేలో అయితే అబ్జర్వేటరీ చుట్టూ ఉన్న ప్రాంతాన్ని 2022లో డార్క్ స్కై రిజర్వ్‌గా ప్రకటించారు. అక్కడి ఊళ్లవాళ్లు కిటికీలకి మందపాటి పరదాలు కట్టుకుంటారు. అంటే చీకటి కూడా నీళ్లలాగా, అడవిలాగా కాపాడుకోవాల్సిన ఆస్తి అన్నమాట. ఈ మాట పిల్లలతో తప్పకుండా మాట్లాడండి.

డాబా మీద ఎలా వేయాలి?

డాబా మీద మేకులు దిగవు. నాలుగు పాత పెయింట్ బకెట్లలో ఇసుక నింపి వెదురు కర్రలు నిలబెట్టండి. గాలికి పరదా తెరచాపలా ఉబ్బుతుంది, బకెట్లు కూడా కదులుతాయి. కాబట్టి ప్రతి కర్రకీ తాడు కట్టి, నీళ్లు నింపిన 20 లీటర్ల క్యాన్‌కి గానీ గట్టి ఇనుప కమ్మీకి గానీ బిగించండి. గాలి బాగా వీచే రాత్రి అసలు వేయొద్దు.

గోడ ఎత్తు ఎంత ఉండాలి? కుర్చీలో కూర్చున్న పిల్లల కంటికన్నా రెండడుగులు ఎక్కువ ఉంటే చాలు. ఇక్కడ పిల్లలతో చిన్న లెక్క చేయించండి. గోడ కంటికన్నా రెండడుగులు ఎత్తుగా, నాలుగడుగుల దూరంలో ఉంటే ఆకాశంలో కింది 27 డిగ్రీల దాకా కనిపించదు. చేయి చాచి పిడికిలి పట్టుకుంటే అది సుమారు 10 డిగ్రీలు. హైదరాబాద్ నుంచి ధ్రువ నక్షత్రం 17 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. అంటే గోడ వెనక దాక్కుంటుంది! ధ్రువుణ్ణి చూడాలంటే ఉత్తరం వైపు పరదా కిందికి దించాలి. ట్రిగొనామెట్రీలో టాన్ తీటా ఎందుకు పనికొస్తుందని అడిగే పదో తరగతి పిల్లలకి ఇంతకన్నా మంచి జవాబు నా దగ్గర లేదు.

ఇంకో సంగతి. పగలంతా ఎండిన స్లాబు రాత్రి చాలాసేపు వేడి వదులుతూనే ఉంటుంది. ఆ వేడిగాలి పైకి లేస్తుంటే గ్రహాల బొమ్మ నీళ్లలో చూసినట్టు వణుకుతుంది. సాయంత్రం స్లాబు మీద కొంచెం నీళ్లు చల్లండి, లేదా రాత్రి తొమ్మిది దాటాక చూడండి. టెలిస్కోప్‌ని ఒక అరగంట ముందే బయట పెట్టేయండి, అది కూడా చల్లబడాలి. పరదా గాలికి ఊగి స్టాండుకి తగలకుండా మధ్యలో చోటు వదలండి. 100 రెట్లు పెద్దది చేసి చూస్తున్నప్పుడు ఊగడం కూడా 100 రెట్లు కనిపిస్తుంది.

అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లు అసోసియేషన్‌ని అడిగి ఆ గంటసేపు డాబా లైటు ఆపించండి. వీలైతే ఆ అడిగే పని పిల్లలకే అప్పజెప్పండి.

ఊరెళ్లినప్పుడు

టెంట్ అసలు విలువ తెలిసేది సెలవుల్లో అమ్మమ్మ వాళ్ల ఊరికో తాతయ్య వాళ్ల పొలానికో వెళ్లినప్పుడు. అక్కడ ఆకాశం చీకటిగానే ఉంటుంది కానీ ట్రాక్టర్ల హెడ్‌లైట్లు, మోటారు షెడ్డు బల్బు, చలిగాలి, మంచు ఉంటాయి. నాలుగు గోడలు వీటన్నిటికీ అడ్డం నిలుస్తాయి.

మంచు పట్టడం గురించి ఒక్క మాట. రాత్రి టెలిస్కోప్ ముందున్న అద్దం తన వేడిని ఆకాశంలోకి వదిలి చుట్టూ ఉన్న గాలికన్నా చల్లబడుతుంది. దాంతో గాలిలోని తేమ దాని మీద చెమటలా పడుతుంది. టెంట్ గోడలు దీన్ని కొంత తగ్గిస్తాయి. ఇంకా తగ్గాలంటే పాత యోగా మ్యాట్ ముక్కని గొట్టం ముందు చుట్టండి. అద్దం వెడల్పుకి ఒకటిన్నర రెట్లు ముందుకి రావాలి. మంచు పట్టినా గుడ్డతో తుడవొద్దు, గీతలు పడతాయి. ఆరనివ్వండి.

ఏ రోజు చూడాలి?

దీనికి యాప్ అక్కర్లేదు. మీ వంటింటి గోడకి వేలాడే తెలుగు క్యాలెండర్ చాలు. చంద్రుడి మీద గుంతలు చూడాలంటే శుక్ల పంచమి నుంచి అష్టమి మధ్య సాయంత్రాలు మంచివి. వెలుగూ చీకటీ కలిసే గీత దగ్గర నీడలు పొడుగ్గా పడి, గుంతలు లోతుగా కనిపిస్తాయి. పౌర్ణమి నాడు నీడలు ఉండవు, చంద్రుడు తెల్లటి పళ్లెంలా ఉంటాడు. మసక చుక్కలు, పాలపుంత చూడాలంటే అమావాస్యకి దగ్గరగా ఉన్న శనివారం ఎంచుకోండి. తిథి అంటే పూజలకే కాదు, ఆకాశం చూసి లెక్కగట్టినదేనని పిల్లలకి అప్పుడు అర్థమవుతుంది.

ఏమేమి కనిపిస్తాయి?

మొదట బైనాక్యులర్స్‌తో మొదలుపెట్టండి. 10x50 రకం చాలు. చలికాలం రాత్రుల్లో మన పెద్దలు పిల్లలకోడి అని పిలిచిన కృత్తికల గుంపు మామూలు కంటికి ఆరేడు చుక్కలు. బైనాక్యులర్స్‌లో అదే పదుల కొద్దీ చుక్కల మూట. గొల్లకావడి మూడు చుక్కల కింద ఓరియన్ నెబ్యులా మసక మబ్బులా ఉంటుంది. అక్కడ కొత్త నక్షత్రాలు పుడుతున్నాయి. పొలం దగ్గరైతే ఆండ్రోమెడా గెలాక్సీ మామూలు కంటికే చిన్న మరకలా కనిపిస్తుంది. ఆ వెలుగు బయల్దేరి సుమారు 25 లక్షల సంవత్సరాలైంది.

70 మిల్లీమీటర్ల చిన్న టెలిస్కోప్ ఉంటే, శని, గురు గ్రహాలు ఆకాశంలో ఉన్న నెలల్లో శని వలయాలు, గురుడి నాలుగు పెద్ద చంద్రులు కనిపిస్తాయి. 1610లో గెలీలియో చూసినవి ఆ నాలుగే. అట్టపెట్టె మీద "500 రెట్లు" అని రాసి ఉంటే నమ్మకండి. అద్దం వెడల్పు మిల్లీమీటర్లలో ఎంతో, దానికి రెట్టింపు మించి పెద్దది చేస్తే బొమ్మ మసకబారుతుంది. 70 మిల్లీమీటర్లకి 140 రెట్లే హద్దు.

వేసవి రాత్రుల్లో సప్తర్షి మండలంలో మీ పెళ్లిలో పంతులుగారు చూపించిన అరుంధతిని చూపించండి. చాలా పెళ్లిళ్లలో అది పగలే చూపిస్తారు కాబట్టి మీరూ నిజంగా చూడటం అదే మొదటిసారి కావచ్చు! పక్కనున్న వశిష్ఠుడు చిన్న టెలిస్కోప్‌లో ఒకటి కాదు, రెండు నక్షత్రాలుగా విడిపోతాడు.

ప్రతి ఏడాదీ డిసెంబర్ 13, 14 రాత్రుల్లో జెమినిడ్స్ ఉల్కలు బాగా రాలతాయి. ఆ రోజు మాత్రం టెంట్ వద్దు. ఆకాశమంతా కనిపించాలి. చాప పరిచి పడుకోండి.

తప్పనిసరి జాగ్రత్తలు

• టెలిస్కోప్‌తో గానీ బైనాక్యులర్స్‌తో గానీ సూర్యుణ్ణి ఎప్పుడూ చూడకూడదు. ఒక్క క్షణంలో చూపు పోవచ్చు. పగలు టెలిస్కోప్‌ని టెంట్‌లో వదిలేయకండి.
• పిట్టగోడ లేని డాబా మీద చీకట్లో పిల్లల్ని ఉంచకండి. గోడ ఉన్నా, దానికి దూరంగా, డాబా మధ్యలో వేయండి.
• పొలంలో బూట్లు, ఫుల్ ప్యాంటు తప్పనిసరి. పాములు, తేళ్లు ఉంటాయి కాబట్టి నడిచేటప్పుడు మామూలు టార్చి వేసుకోండి. కంటి చీకటి కన్నా కాలు ముఖ్యం.
• దోమల కాయిల్ టెంట్ లోపల పెట్టొద్దు. గుడ్డ అంటుకుంటుంది.
• మబ్బు పట్టినా, ఉరుము వినిపించినా వెంటనే కిందికి రండి.

దీనివల్ల మార్కులు వస్తాయా?

ఫీజు కట్టే తల్లిదండ్రులుగా ఈ ప్రశ్న మీరు అడగడం న్యాయమే. నక్షత్రాలు ఎందుకు మిణుకుమంటాయి, కటకం ఎలా పనిచేస్తుంది, కన్ను ఎలా చూస్తుంది అనేవి పదో తరగతి సైన్స్‌లో ఉన్నాయి. చూసిన పిల్లలకి అవి త్వరగా ఎక్కుతాయి. కానీ నేను ఎక్కువ విలువిచ్చేది ఆ మొదటి అరగంటకి. ఫోన్ లేకుండా, ఏమీ జరగకుండా, చీకట్లో అమ్మో నాన్నో పక్కన కూర్చుని, కళ్లు సిద్ధమయ్యేదాకా ఆగడం. మొదట నాలుగు చుక్కలున్న చోట అరగంటకి పది చుక్కలు కనిపిస్తాయి. ఆకాశం మారలేదు, ఓపిక పట్టినందుకు తన చూపు మారింది. ఈ పాఠం క్లాస్‌రూమ్‌లో మేము చెప్పలేము. మీరే చెప్పాలి.

ఈ నెల అమావాస్యకి దగ్గర్లో ఒక శనివారం రాత్రి ప్రయత్నించండి. టెలిస్కోప్ లేకపోయినా పర్వాలేదు. పిల్లల్ని డైరీలో తేదీ, తిథి, సమయం రాసి, చీకట్లోకి రాగానే ఒకసారి, అరగంట తర్వాత ఇంకోసారి అదే చోట చుక్కలు లెక్కపెట్టి బొమ్మ గీయమనండి. సోమవారం ఆ డైరీ బడికి పంపండి. డాబా మీద లెక్కనీ ఊళ్లో లెక్కనీ పక్కపక్కన పెట్టి క్లాసులో మాట్లాడుకుంటాం.