పల్లంలో బండిని పట్టి ఉంచే గేరు

కొండ ఎక్కే బండి పడే కష్టం ఎవరికైనా కనబడుతుంది. ఇంజను రొద పెడుతుంది, వేగం తగ్గుతుంది, డ్రైవరు గేరు మార్చి మార్చి బండిని పైకి లాగవలసి వస్తుంది. అదే బండి దిగేటప్పుడు చప్పుడు లేదు, శ్రమ లేదు. తనంతట తానే జారిపోతుంది. అందుచేత ఎక్కడం కష్టమనీ, దిగడం సుళువనీ చాలామంది అనుకుంటారు. బరువైన బండి విషయంలో ఇది పొరపాటు. ఎక్కలేని బండి మహా అయితే ఆగిపోతుంది. దిగేటప్పుడు అదుపు తప్పిన బండి ఆగదు.

1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత మాదాపూర్, గచ్చిబౌలి, నానక్‌రాంగూడ ప్రాంతాలు కలిసి సైబరాబాదుగా పెరిగాయి. అక్కడి ఉద్యోగులలో సెలవు దొరకగానే శ్రీశైలం దారి పట్టేవారు ఎందరో ఉన్నారు. కొందరు క్యారవాన్‌లోనే ప్రయాణం కడుతున్నారు. పడక, పొయ్యి, స్నానపుగది, నీళ్ళ తొట్టి అన్నీ అమర్చిన ఇల్లుబండి అది. సినిమా షూటింగుల పుణ్యమా అని హైదరాబాదువాసులకు ఈ మాట కొత్త కాదు. అంతకుముందే 1982-83లో నందమూరి తారక రామారావు ఎన్నికల ప్రచారానికి వాడిన చైతన్యరథం, పాత చెవర్లె వ్యానును మార్చి తయారుచేసిన ఇటువంటి బండే. దానిని నడిపినవాడు ఆయన కుమారుడు హరికృష్ణ.

క్యారవాన్ సైబరాబాదు ఫ్లైఓవర్ల మీద ఎక్కి దిగినప్పుడు ఏ ఇబ్బందీ తెలియదు. ఆ వాలు ఒక నిమిషంలో అయిపోతుంది. మన్ననూరు దాటి నల్లమల అడవిలోకి ప్రవేశించి, శ్రీశైలం ఆనకట్ట దగ్గర కృష్ణానది లోయలోకి మలుపులు తిరుగుతూ దిగేటప్పుడు సంగతి వేరు. అక్కడ బ్రేకు ఒక్కదానినే నమ్ముకోరాదు. ఎందుకో తెలియాలంటే శక్తి లెక్క ఒకటి వేసి చూడాలి.

ఎత్తు ఎక్కడికి పోతుంది?

ఎత్తుమీద ఉన్న ప్రతి వస్తువులోను స్థితిజశక్తి దాగి ఉంటుంది. అది దిగినకొద్దీ ఆ శక్తి మరొక రూపం ధరించి బయటపడుతుంది. క్యారవాన్ బరువు సామానుతో సహా 3,500 కిలోలు అనుకుందాం. అది వంద మీటర్లకు 6 మీటర్లు దిగే వాలులో 5 కిలోమీటర్లు ప్రయాణం చేస్తే 300 మీటర్ల ఎత్తు దిగినట్లు. అప్పుడు విడుదలయ్యే శక్తి సుమారు ఒక కోటి మూడు లక్షల జౌళ్ళు. వేగం పెరగకుండా గంటకు 40 కిలోమీటర్ల దగ్గరే నిలపాలంటే ఈ శక్తినంతా ఎక్కడో ఒకచోట ఖర్చుచేయక తప్పదు. ఇందులో దాదాపు నాలుగో వంతును గాలి, టైర్ల ఒరిపిడి తీసుకుంటాయి. మిగిలిన 77 లక్షల జౌళ్ళను బ్రేకులు వేడిగా మార్చాలి. గిన్నెలోని 26 లీటర్ల మామూలు నీళ్ళను తెర్లబెట్టడానికి కావలసినంత వేడి ఇది.

నాలుగు చక్రాల బ్రేకు డిస్కుల ఇనుము అంతా కలిపి 40 కిలోలు అనుకుంటే, ఆ వేడి ఎటూ పోకుండా ఇనుములోనే నిలిస్తే, దాని ఉష్ణోగ్రత 400 డిగ్రీల సెంటీగ్రేడు పైగా పెరగాలి. నిజానికి కొంత వేడిని గాలి లాక్కుపోతుంది. కాని ఎడతెరపి లేకుండా బ్రేకు తొక్కి ఉంచితే వచ్చే వేడికి పోయే వేడి చాలదు.

బ్రేకు ఎందుకు మొరాయిస్తుంది?

వేడెక్కిన బ్రేకు రెండు విధాల మోసం చేస్తుంది. మొదటిది, ప్యాడ్లు హద్దు మీరి కాగితే వాటి పట్టు సడలుతుంది. ఎంత గట్టిగా తొక్కినా చక్రం ముందంతగా ఆగదు. రెండవది బ్రేకు ఆయిల్‌కు సంబంధించినది. డాట్ 3 రకం కొత్త ఆయిల్ కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. ఈ ఆయిల్‌కు గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉన్నది. తేమ చేరిన తరువాత దాని మరుగు స్థానం 140 డిగ్రీలకు పడిపోవచ్చు. మరిగిన ఆయిల్‌లో ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం నొక్కితే నలగదు గనుక పాదం బలాన్ని చక్రం దాకా చేరుస్తుంది. ఆవిరి నొక్కితే నలిగిపోతుంది. అప్పుడు పెడల్ నేలకు ఆనుతుంది, బండి మాత్రం ఆగదు. పెద్ద బస్సులలో ఆయిల్ బదులు గాలి ఒత్తిడితో బ్రేకులు పనిచేస్తాయి. అయినా అక్కడ డ్రమ్ములు వేడికి వ్యాకోచించి లైనర్లకు దూరమవుతాయి. ఫలితంలో తేడా లేదు.

బరువు పెరిగితే ఈ లెక్క అంతా అదే నిష్పత్తిలో పెరుగుతుంది. 2018 సెప్టెంబరు 11న జగిత్యాల జిల్లా కొండగట్టు ఘాట్ రోడ్డు దిగుతున్న బస్సు లోయలో పడి 60 మందికి పైగా మరణించారు. ఆ బస్సులో వందమందికి పైగా ఉన్నారు. దిగుడు దారిలో అదుపు ఎంత విలువైనదో తెలుగు ప్రజలు మరచిపోలేని రోజు అది.

ఇంజను ఎలా ఆపుతుంది?

ఎడ్లబండి పల్లంలో దిగేటప్పుడు ఎడ్లు ముందుకు లాగవు. కాళ్ళు తన్నిపట్టి, మీదికి తోసుకువచ్చే బండిని వెనక్కు నిలదొక్కుకుంటాయి. మోటారు బండిలో ఈ పని ఇంజను చేయగలదు. డ్రైవరు యాక్సిలరేటరు వదిలినప్పుడు ఇంజను చక్రాలను తిప్పడం మాని, చక్రాలే ఇంజనును తిప్పడం మొదలుపెడతాయి. ఇంజను అప్పుడు ఒక పంపుగా మారుతుంది. ఆ పంపును తిప్పడానికి అయ్యే శక్తి బండి వేగంలోనుంచే రావాలి.

పెట్రోలు ఇంజనులో యాక్సిలరేటరు వదలగానే గాలి వచ్చే దారి దాదాపు మూసుకుపోతుంది. మూతిని వేలితో మూసి పిచికారీ కాడను వెనక్కు లాగితే ఎంత బిగువుగా ఉంటుందో, పిస్టన్లకు అంత బిగువు ఎదురవుతుంది. డీజిలు ఇంజను సంగతి కొంత వేరు. అందులో వేగాన్ని అదుపుచేసేది ఇంధనమే గాని గాలి మూత కాదు. పిస్టన్ నొక్కిన గాలి స్ప్రింగులాగా తిరిగి పిస్టన్‌నే తోస్తుంది కాబట్టి తీసుకున్న శక్తిలో చాలాభాగం వెనక్కు ఇచ్చేస్తుంది. మిగిలేది ఒరిపిడి, గాలిని లోపలికి బయటికి తోసే శ్రమ మాత్రమే. అందుకే బరువైన డీజిలు లారీలకు, బస్సులకు పొగగొట్టాన్ని మూసి ఎదురు ఒత్తిడి పుట్టించే ఎగ్జాస్ట్ బ్రేకు కూడా అమరుస్తారు.

దీనికంటె బలమైన సాధనం ఒకటి ఒక గండం నుంచి పుట్టింది. 1931లో అమెరికా ఇంజనీరు క్లెసీ కమిన్స్ తన డీజిలు లారీలో కాలిఫోర్నియాలోని కహాన్ కనుమ దిగుతుండగా బ్రేకులు పట్టు వదిలాయి. దిగువన రైలు దారి. దాని మీద రైలు పోతున్నది. వెంట్రుకవాసిలో ప్రాణాలు దక్కాయి. ఆ అనుభవమే ఆయనను తరువాతి కాలంలో ఆలోచింపజేసింది. నొక్కిన గాలి పిస్టన్‌ను తిరిగి తోయకముందే కవాటం తెరిచి దానిని బయటికి వదిలేస్తే, స్ప్రింగు బలం హరించిపోతుంది. ఇంజను పూర్తిగా బ్రేకు అవుతుంది. 1961లో జేకబ్స్ కంపెనీ ఈ సాధనాన్ని తయారుచేయసాగింది.

గేరు చేసే మేలు

ఇంజను ఎంత వేగంగా తిరిగితే అంత ఎక్కువ శక్తిని మింగుతుంది. బండి వేగం పెంచకుండా ఇంజను వేగం పెంచే ఉపాయమే చిన్న గేరు. క్యారవాన్ గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోతున్నప్పుడు పెద్ద గేరులో ఇంజను నిమిషానికి సుమారు 1,270 చుట్లు తిరిగితే, 2.3 నిష్పత్తి గల రెండవ గేరులో 2,900 చుట్లు తిరుగుతుంది. పైన చెప్పిన వాలులో బండిని పట్టి ఉంచడానికి 23 అశ్వశక్తులు ఖర్చుకావాలి. పెద్ద గేరులో ఇంజను అందులో ఐదారు మాత్రమే తీసుకొని తక్కినదంతా బ్రేకుల నెత్తిన వేస్తుంది. రెండవ గేరులో అదే ఇంజను 15 దాకా తీసుకుంటే బ్రేకులకు మిగిలేది ఎనిమిది. అంటే మూడో వంతు. ఇంజను బరువును బట్టి, రకాన్ని బట్టి ఈ అంకెలు మారవచ్చు గాని సూత్రం మారదు. ఇంజనుకు వేడిని పారదోలే రేడియేటరు ఉన్నది. ఆ పని గంటల తరబడి చేసినా దానికి అలసట లేదు.

వేగం తగ్గించడంవల్ల కూడా ఇటువంటి మేలే ఉన్నది. అదే ఎత్తు రెట్టింపు కాలంలో దిగితే క్షణానికి ఖర్చుచేయవలసిన శక్తి సగమవుతుంది. తిరుమల ఘాట్‌లో ఎక్కడానికి 28 నిమిషాలకు తగ్గరాదని, దిగడానికి 40 నిమిషాలకు తగ్గరాదని దేవస్థానం నియమం పెట్టడంలోని అంతరార్థం ఇదే. ఎక్కేదానికంటె దిగేదానికి ఎక్కువ వ్యవధి ఇచ్చారన్నది గమనించదగినది.

ఆటోమేటిక్ గేరుబాక్సు స్వభావం

చేతితో గేరు మార్చే బండిలో ఇదంతా డ్రైవరు వివేకం మీద నడుస్తుంది. ఆటోమేటిక్ బండిలో గేరును ఎన్నుకునేది కంప్యూటరు ప్రోగ్రాము. ఇంధనం పొదుపు చేయడం దానికి నేర్పిన మొదటి పాఠం. అందుచేత డ్రైవరు యాక్సిలరేటరు వదలగానే, బలం అక్కరలేదు కాబోలునని తలచి, అది పెద్ద గేరులోకి పోవచ్చు. చదును దారిలో ఇది మంచి గుణం. దిగుడు దారిలో సరిగా కీడు చేసేది ఇదే. ముందున్నది కనుమ అని దానికి డ్రైవరే చెప్పాలి.

చెప్పే మార్గాలు బండిని బట్టి ఉంటాయి. లీవరు మీద ‘ఎల్’ అనో ‘2’ అనో ఉంటే అక్కడ పెట్టినప్పుడు గేరుబాక్సు అంతకు మించిన గేరులోకి పోదు. ‘ఎం’ అన్న స్థానం, పక్కనే కూడిక, తీసివేత గుర్తులు ఉంటే తీసివేత వైపు నొక్కి ఒక్కొక్క గేరే తగ్గించవచ్చు. ‘టో-హాల్’ అన్న మీట బరువు లాగే బండ్లలో కనిపిస్తుంది. అది నొక్కితే ప్రోగ్రాము వేరొక పట్టికను అనుసరిస్తుంది: చిన్న గేరును ఎక్కువసేపు నిలుపుతుంది, బ్రేకు తొక్కగానే ఇంకొక గేరు తగ్గిస్తుంది. మితిమీరిన వేగంలో చిన్న గేరు కోరితే ఇంజను చెడిపోకుండా చాలా గేరుబాక్సులు ఆ కోరికను నిరాకరిస్తాయి. అందువల్ల గేరు తగ్గించవలసింది వాలు మొదలయ్యేముందే గాని, బండి జోరందుకున్న తరువాత కాదు.

ఇటువంటి ప్రోగ్రాములకు సైబరాబాదు పరాయిది కాదు. 1915లో గాలి ఓడలకు పళ్ళచక్రాలు చేయడానికి జర్మనీలో పుట్టి, నేడు గేరుబాక్సులకు పేరుపడిన జెడ్.ఎఫ్. సంస్థ 2017లో హైదరాబాదులో సాంకేతిక కేంద్రం నెలకొల్పింది. ఒకప్పుడు ఉక్కు పళ్ళలో ఇమిడిన విద్యలో కొంత భాగం ఇప్పుడు మీటల వెనుక ఉన్న లెక్కలలోకి మారింది.

న్యూట్రల్ పొదుపు కాదు

పల్లంలో బండిని న్యూట్రల్ చేసి వదిలితే ఇంధనం ఆదా అవుతుందన్న నమ్మకం ఇంకా ఉన్నది. ఈ కాలపు ఇంజన్లలో ఇది తలకిందులైన లెక్క. గేరులో ఉండగా యాక్సిలరేటరు వదిలితే కంప్యూటరు ఇంధనాన్ని పూర్తిగా ఆపివేస్తుంది. ఇంజనును చక్రాలే తిప్పుతాయి. న్యూట్రల్‌లో ఇంజను ఆరిపోకుండా ఉండటానికి ఇంధనం పోస్తూనే ఉండాలి. ఇంజను కట్టివేయడం ఇంకా ప్రమాదకరం. బ్రేకుకు, స్టీరింగుకు ఇంజను ఇచ్చే సాయం అందకుండాపోయి రెండూ బిగుసుకుంటాయి.

విద్యుత్తు బండ్లది మరొక దారి. 2019లో హైదరాబాదులో విమానాశ్రయ మార్గాల మీద విద్యుత్తు బస్సులు తిరగసాగాయి. వీటిలో దిగేటప్పుడు మోటారే జనరేటరుగా మారి, ఎత్తులోని శక్తిలో కొంత భాగాన్ని తిరిగి బ్యాటరీకి చేరుస్తుంది. అయితే నిండిన కుండలో నీరు పట్టనట్లు, నిండిన బ్యాటరీకి ఆ శక్తి ఎక్కదు. కొండమీద పూర్తిగా చార్జి చేసి వెంటనే దిగేవారు ఇది గుర్తుంచుకోవాలి.

క్యారవాన్ నడిపేవారికి తేలిన నియమాలు ఇవి. వాలు మొదలుకాకముందే వేగం తగ్గించి, చిన్న గేరు పట్టుకోవాలి. ఎక్కడానికి ఏ గేరు కావాలో దిగడానికి అదే వాడాలన్నది పాత డ్రైవర్ల సూత్రం; నేటి బలమైన ఇంజన్లకు అంతకంటె ఒక గేరు తక్కువైనా మంచిదే. గేరు పట్టి ఉంచినా వేగం పెరుగుతుంటే బ్రేకును గట్టిగా, కొద్దిసేపు తొక్కి, వేగం ఎనిమిది పది కిలోమీటర్లు తగ్గగానే పూర్తిగా వదలాలి. అప్పుడే డిస్కులకు చల్లారే వ్యవధి దొరుకుతుంది. తడి రోడ్డుమీద ఒక్కసారిగా గేరు దించితే చక్రాలు జారవచ్చు, కాబట్టి మెల్లగా మార్చాలి. మాడిన వాసన వస్తే ఆగదగిన చోట ఆగి, బ్రేకులు చల్లారేదాకా ఓపిక పట్టాలి. బ్రేకు ఆయిల్‌ను కాలం ప్రకారం మార్చాలి.

బ్రేకు ఆపడానికి ఉన్నది. గేరు పట్టి ఉంచడానికి ఉన్నది. కనుమ పొడుగునా గేరు తన పని తాను చేస్తేనే, మలుపులో ఏ ఆవో మనిషో అడ్డువచ్చిన క్షణాన బ్రేకు తన పని చేయగలుగుతుంది.