సేనకు పోయినవాని కొలువు

కాజీపేటనుండి విజయవాడకు పోవు రైలుమార్గమున, వరంగల్లునకును మహబూబాబాదునకును నడుమ మన నెక్కొండ యున్నది. ఇచ్చట స్టేషనులో గాని, బియ్యపు మిల్లులో గాని, అంగడిలో గాని పనిచేయు నొకనికి దేశరక్షణకై పిలుపు వచ్చినచో అతని కొలువు ఏమగును? అతడు తిరిగివచ్చుసరికి ఆ స్థానమున వేరొకడు కూర్చుండినచో అతని యిల్లు గడచుట యెట్లు? దీనికి మన శాసనము చెప్పు సమాధానమును విద్యార్థులకును, వారి తలిదండ్రులకును తెలియజేయ నెంచితిమి.

తమ వృత్తులను సాగించుకొనుచు, ఏటేట కొంతకాలము శిక్షణ పొంది, అవసరము కలిగినపుడు సేనలో చేరువారి దళమునకు ప్రాదేశిక సేన యని పేరు. దీనినే టెరిటోరియల్ ఆర్మీ యందురు. 1948వ సంవత్సరపు శాసనముచే నేర్పడిన ఈ సేనను 1949 అక్టోబరు 9వ తేదీన గవర్నరు జనరల్ శ్రీ రాజగోపాలాచారిగారు ప్రారంభించిరి. 1962, 1965, 1971 సంవత్సరముల యుద్ధములందు ఇది పనిచేసినది. 2025 మే నెలలో కేంద్రప్రభుత్వము ఈ సేనవారిని పిలుచు నధికారమును సైన్యాధ్యక్షునకు ఒసగినది.

ఆ శాసనపు 7-ఎ విభాగము యజమానులకు ఒక విధిని నిర్ణయించినది. సైనికసేవ ముగించి వచ్చినవానిని మరల పనిలో చేర్చుకొనవలెను. అతడు పోకయే యుండినచో ఎట్టి జీతమును, ఎట్టి హోదాయు నుండెడివో వానికి తక్కువ చేయరాదు. పిలుపు వచ్చినదని యెరిగి ముందుగానే పనినుండి తొలగించిన యజమానికిని ఈ విధి తప్పదు. భవిష్యనిధి మున్నగువానియందు ఉద్యోగికి గల హక్కులును నిలిచియుండును.

అయితే యజమాని కష్టమును శాసనము మరువలేదు. ఇద్దరు ముగ్గురు పనివారితో నడచు చిన్న దుకాణమున ఒకడు లేకున్న లోటు పెద్దదే. మరల చేర్చుకొనుట సాధ్యము కాదనిన, ఆ తగవును నియమితాధికారి విచారించును. అతడు యజమానిని మినహాయింపవచ్చును, పని యిమ్మనవచ్చును, లేదా ఆరునెలల జీతమునకు మించని పరిహారము చెల్లింపుమనవచ్చును. ఆ యాజ్ఞను మీరినచో వేయిరూపాయలవరకు జరిమానా కలదు. పనివాడును సేవ ముగిసిన రెండునెలలలోపల యజమానిని అడుగవలెను. అడుగనిచో ఆ కారణమును చూపి యజమాని తప్పించుకొనగలడు. ఈ గడువు నెరుగక హక్కును కోల్పోవుట మిక్కిలి శోచనీయము.

మన తెలుగువారు అనేకులు నివసించు అమెరికాలో సయితము 1994వ సంవత్సరపు శాసనమొకటి ఇట్టి రక్షణనే కల్పించుచున్నది. ఒకే యజమానివద్ద మొత్తముమీద అయిదేండ్ల సేవవరకు, కొన్ని మినహాయింపులతో, ఆ హక్కు నిలుచును.

ఆరునెలల జీతము ఒక కుటుంబమును ఎంతకాలము పోషింపగలదు? కావున శాసనముతోపాటు సద్భావమును కావలెను. పిలుపు అందగనే పనివాడు యజమానికి తెలుపవలెను. యజమాని తాత్కాలికముగా నొకని నియమించి, ఆ నియామకము ఎంతవరకో అతనికి ముందే స్పష్టముగా చెప్పవలెను. తోడి పనివారు కొంత భారమును పంచుకొనవలెను. ఇంటివారి యోగక్షేమములను అప్పుడప్పుడు విచారించుటయు గొప్ప సహాయమే. తన చోటు తనకై నిలిచియున్నదను నమ్మకముతో పోయినవాడు నిశ్చింతగా తన విధిని నెరవేర్చగలడు.