జర్మనీ జాతీయగీతం.. పది ఆఫ్రికా భాషల్లో! ఎవరీ ఎమెకా ఒగ్బో?

ట్యూన్ వింటే జర్మనీ జాతీయగీతమే. కానీ పాటలో ఒక్క జర్మన్ ముక్క కూడా వినిపించదు! 2015లో ఇటలీలోని వెనిస్ బియెనాలేకి వెళ్లినవాళ్లు విన్న పాట ఇది. పాడింది జర్మనీలో ఉంటున్న ఆఫ్రికన్ వలసదారులు. పాడించింది నైజీరియా సౌండ్ ఆర్టిస్ట్ ఎమెకా ఒగ్బో.

రంగుల బదులు శబ్దాలతో పనిచేసేవాళ్లే సౌండ్ ఆర్టిస్టులు. 1977లో ఎనుగులో పుట్టిన ఒగ్బోకి పేరు తెచ్చింది మాత్రం లాగోస్ రోడ్ల రొద. అక్కడ 'డాన్ఫో' అనే పసుపు రంగు మినీ బస్సులుంటాయి. మన షేర్ ఆటోవాళ్లలాగే కండక్టర్లు స్టాపుల పేర్లు గుక్కతిప్పుకోకుండా అరుస్తుంటారు. ఆ అరుపే ప్రయాణికుడికి రూట్ మ్యాప్. ఆ అరుపుల్ని, హారన్లని, మార్కెట్ గోలని ఒగ్బో ఏళ్ల తరబడి రికార్డ్ చేశారు. డాన్ఫోలను దశలవారీగా తీసేస్తామని 2017లో లాగోస్ గవర్నర్ ప్రకటించారు. బస్సులు ఇంకా నడుస్తూనే ఉన్నాయనుకోండి. కానీ అవి పోతే ఆ కేకలూ పోతాయి. రోడ్డును ఫొటో తీసి దాచొచ్చు, దాని చప్పుడును ఎవరు దాస్తారు?

ఇక జర్మనీ గీతం సంగతి. పది మంది, పది భాషలు. ఇగ్బో, యోరుబా, ట్వీ, లింగాలా లాంటివి. ముందు ఒక్కో గొంతు విడిగా వస్తుంది, తర్వాత అన్నీ కలిసిపోతాయి. వీటిలో దువాలా, ఎవోండో, బమూన్ అనే మూడు భాషలు కామెరూన్‌వి. 1884లో ఆ దేశాన్ని వలసగా పట్టుకున్నది జర్మనీయే! ఆఫ్రికాను పంచుకునే రూల్స్ రాసుకునేందుకు యూరప్ దేశాలు సమావేశమైందీ అదే ఏడాది, బెర్లిన్‌లోనే. అంటే ఈ వలస కథ ఈ గాయకులు విమానం ఎక్కిన రోజున మొదలైంది కాదు.

టైమింగ్ కూడా చూడాలి. వలస వచ్చినవాళ్లు ఇంట్లో కూడా జర్మనే మాట్లాడేలా చూడాలని 2014 డిసెంబర్‌లో బవేరియా పార్టీ సీఎస్‌యూ ప్రతిపాదించింది. విమర్శలు, జోకులు గట్టిగా పేలడంతో వెనక్కి తగ్గింది. కొన్ని నెలలకే ఒగ్బో పాట వినిపించింది. దేశాన్ని సొంతం అనుకోవాలంటే అమ్మ భాష వదిలేయాల్సిందేనా? ఆ పాట వింటే వచ్చే ప్రశ్న ఇదే.

ఇంకో విషయం. అసలు ఆ ట్యూన్ పుట్టింది జర్మనీ కోసం కాదు! 1797లో హేడన్ వియన్నాలోని హాబ్స్‌బర్గ్ చక్రవర్తి కోసం కట్టాడు. ఇప్పుడు పాడే మాటలు 1841లో రాసినవి. అది జర్మనీ జాతీయగీతమైంది 1922లో. ఆ లెక్కన గీతం కూడా వలస వచ్చిందే.

లాగోస్ రొద వినాలంటే బియెనాలే దాకా వెళ్లక్కర్లేదు. ఒగ్బో 2022 ఆల్బమ్ పేరు వట్టి అంకెలే. అవి లాగోస్‌లోని ఒజువెలెగ్బా బస్ స్టేషన్ అక్షాంశ, రేఖాంశాలు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే కండక్టర్ల కేకలు మీక్కూడా వినిపిస్తాయి.