ప్రయాణపు బసలో అంతర్జాలము

దూరప్రయాణమునకు బయలుదేరు మన పెద్దలు పులిహోర పొట్లమును, మంచినీళ్ల మరచెంబును మరువక వెంట తీసికొనెడివారు. నేటి ప్రయాణికుల సంచిలో వానితోపాటు ల్యాప్‌టాపును, దాని ఛార్జరును చేరినవి. చెంబులోని నీళ్లు ఇంటినుండి వచ్చును; ల్యాప్‌టాపునకు కావలసిన అంతర్జాలమును మాత్రము దిగిన చోట వెదకికొనవలసినదే. గత వేసవిలో ఒక రాత్రి ఆ వెదకుటలో మేము పడిన తిప్పలే ఈ వ్యాసమునకు కారణము.

మేము బరంపురము నుండి రాజమహేంద్రవరమునకు కారులో పోవుచుంటిమి. పూర్వము 5వ సంఖ్య గలిగి, 2010 నుండి 16వ సంఖ్యతో పిలువబడుచున్న జాతీయ రహదారియే మా దారి. ఇచ్ఛాపురము సమీపించగానే దుకాణముల బోర్డులు తెలుగులోనికి మారుట చూచి పిల్లలు ఒక్కొక్కటిగా బిగ్గరగా చదువసాగిరి. ఒరియా బోర్డుల నడుమ తెలుగు బడికి పోవువారికి ఆ సంతోషమెట్టిదో చెప్పనక్కరలేదు. సాయంకాలమునకు విశాఖపట్టణము చేరి ఒక హోటలులో దిగితిమి.

మా అన్నగారి అమ్మాయి ఒక డిగ్రీ కళాశాలకు పంపవలసిన దరఖాస్తుకు ఆ రాత్రి 11 గంటల 59 నిమిషములతో గడువు ముగియును. ధ్రువపత్రముల నకళ్లన్నియు ఆమె ల్యాప్‌టాపులోనే యున్నవి. “హోటలులో వైఫై ఉచితమని వ్రాసినారు కదా చిన్నాన్నా, గదిలో కూర్చుండి పంపెదను” అని ఆమె ధైర్యము.

గుమస్తా యిచ్చిన చీటీలోని సంకేతపదమును వ్రాయగానే తెరపై విసనకర్ర వంటి గుర్తు నిండుగా వెలిగెను. కాని కళాశాల పుట తెరచుకొనలేదు. ఆమె తమ్ముని ల్యాప్‌టాపులోను అంతే. రెండును పనిచేయకున్నవి గనుక తప్పు హోటలువారిదేనని నిశ్చయించి, గుమస్తాను నాలుగు మాటలని వచ్చితిని.

వైఫై వేరు, అంతర్జాలము వేరు. వైఫై యనగా మన యంత్రమునకును, వరండా గోడకు బిగించిన పెట్టెకును నడుమనుండు రేడియో తరంగముల దారి మాత్రమే. దాని ప్రమాణము 1997లో ఏర్పడినది. ఆ పెట్టె వెనుక హోటలువారి రౌటరును, దాని వెనుక వారు చందా కట్టి తెచ్చుకొన్న తీగయు కలవు. విసనకర్ర వెలిగినదనగా వీధిగుమ్మము చేరితిమని యర్థము. ఇంటిలోనికి పోయితిమని కాదు.

గుమ్మము చేరిన యంత్రమునకు రౌటరు ఒక చిరునామా నిచ్చును. అది తరచుగా 192.168తో మొదలగు సంఖ్య. ఆ భవనములోనే చెల్లును. పిమ్మట ద్వారపాలకుడు వచ్చును. గది సంఖ్య, ఫోను సంఖ్య అడుగు పుటయే ఆ ద్వారపాలకుడు. ఫోనునకు వచ్చిన ఓ.టి.పి.ని అందులో వ్రాసినగాని దారి విడువడు. అతడు గుర్తుపట్టునది మనిషిని కాదు, యంత్రమును. ప్రతి వైఫై పరికరమునకు పన్నెండు అక్షరాంకముల గుర్తింపు వేరుగా నుండును. అందుచేత ఒక ల్యాప్‌టాపు లోనికి పోయినను ప్రక్కదానికి మరల ప్రవేశము కావలెను.

మాకు ఆ పుటయే కనబడలేదు. ఈ కాలమున వెబ్ పుటలు చాలవరకు హెచ్.టి.టి.పి.ఎస్. పద్ధతిలో, అనగా ముద్రవేసిన కవరులో వచ్చును. ద్వారపాలకుడు దానిని అడ్డగించి తన పుటను పంపబోయినచో ముద్ర చెడును; బ్రౌజరు అపాయమని నిలిపివేయును. కావుననే యంత్రము వైఫైలో చేరగానే ముద్రలేని చిన్న ఉత్తరము నొకదానిని తానే పంపి పరీక్షించును. అదియు జరుగనిచో, నెవర్ ఎస్.ఎస్.ఎల్. డాట్ కామ్ వంటి ముద్రలేని చిరునామాను మనమే వ్రాయవచ్చును. మేము వ్రాసితిమి, ఫలము లేదు.

ఇంతలో తెలిసిన విషయమేమనగా, నేను గుమస్తాతో వాదించుచుండగానే అన్నగారి ఫోనును, పిల్లవాని ఫోనును సుఖముగా లోనికి పోయినవి! ఆ సంగతి ముందే గమనించినచో తప్పు ల్యాప్‌టాపులదేనని అప్పుడే తెలిసియుండును. వెబ్ పేర్లను సంఖ్యలుగా మార్చు సేవకు డి.ఎన్.ఎస్. అని పేరు. వేగము పెరుగునని ఎవరో చెప్పగా విని పిల్లవాడు రెండు ల్యాప్‌టాపులలోను 8.8.8.8 అను గూగులువారి డి.ఎన్.ఎస్. సంఖ్యను స్థిరముగా వ్రాసియుంచెను. ప్రవేశము కానివారిని బయటి డి.ఎన్.ఎస్. వద్దకు పోనీయని రౌటర్లు కలవు, ఇదియు అట్టిదే. పేరు సంఖ్యగా మారనిదే ఉత్తరము బయలుదేరనే బయలుదేరదు. ఆ సంఖ్యను తీసివేసి, చిరునామాను స్వయముగా పొందునట్లు మార్చగానే ద్వారపాలకుడు ప్రత్యక్షమయ్యెను. వి.పి.ఎన్. వాడువారికిని ఇట్టి చిక్కే కలుగవచ్చును. ప్రవేశము పూర్తియగువరకు దానిని ఆపవలెను.

అప్పటికి తొమ్మిదిన్నర. గదికి రెండు పరికరములే యని, ఆ రెండు స్థానములును నిండినవని పుట పలికెను. ఒక యంత్రము నుండి మరియొక దానికి పంచు ఉపాయములు కలవు గాని, క్రిందికి పోయి అడుగుటయే సులువు. “పిల్ల దరఖాస్తు బాబూ, గడువు ఈ రాత్రే” అనగానే, నాచేత మాటలు పడిన ఆ గుమస్తాయే మరి రెండు స్థానములు కలిపెను. నాకు సిగ్గు వేసినది.

అయినను నకళ్లు సగము పోయి నిలిచినవి. గదులన్నిటికిని తీగ యొకటే. ఆ వేళకు అందరును సినిమాలు చూచుచుందురు. అప్పుడు అన్నగారి ఫోనులో వైఫై ఆపి, యూ.ఎస్.బి. తీగతో ల్యాప్‌టాపునకు కలిపి, ఫోను డేటాపై పంపితిమి. ఇట్లు చేయునపుడు ఆ కలయికను ‘మీటర్డ్’ అని గుర్తుపెట్టవలెను. లేనిచో విండోస్ తన నవీకరణములను దించుకొని ఆనాటి డేటాను మ్రింగివేయవచ్చును. రుసుమును కూడ ఫోను డేటాపైననే చెల్లించితిమి. 10 గంటల 40 నిమిషములకు దరఖాస్తు సంఖ్య వచ్చెను.

తల్లిదండ్రులకు ఒక మాట. హోటలు పేరును పోలిన పేరుతో ఎవరైనను వైఫై పెట్టవచ్చును. అసలు పేరేదో గుమస్తా నడిగి తెలిసికొనుడు. ద్వారపాలకుని పుట బ్యాంకు కార్డు సంఖ్య నడిగినచో, అడిగి రూఢి చేసికొనక వ్రాయకుడు. కళాశాల, బ్యాంకు పుటలపై ముద్ర చెడినదన్న హెచ్చరిక వచ్చినపుడు దానిని దాటి ముందుకు పోకుడు.

మరునాడు అన్నవరము కొండ క్రింద ఫలాహారమునకు ఆగితిమి. ఇడ్లీలు వచ్చులోపల పిల్లవాడు తన ల్యాప్‌టాపును తెరచి, ఎవరును చెప్పకుండగనే 8.8.8.8ను తుడిచివేయుచుండెను.